రెండు మిల్లీలీటర్లు

హవల్లీ,
అక్టోబర్ 16, గురువారం

ఈశూ,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే "బానే ఉన్నాను" అంటావు, ఆ వెంటనే దగ్గుతావు. పోయిన వారం ఫోన్‌లో నువ్వు విసుక్కున్న మాట ఇంకా చెవిలోనే ఉంది: "అక్కా, నువ్వు నా మాట వినట్లేదు, దగ్గు లెక్కపెడుతున్నావు. ఇకనుంచి ఏదైనా చెప్పాలంటే ఉత్తరం రాయి." నిజమే, లెక్కపెట్టాను. ఏడు నిమిషాల్లో ఇరవై రెండు. ఇరవై ఏళ్ళుగా కెమిస్ట్రీ చెబుతున్నదాన్ని, ఏదో ఒకటి కొలవకపోతే నాకు తోచదు.

అందుకే కాగితం తీశాను. ఒకే కువైట్‌లో ఉన్న తమ్ముడికి ఉత్తరమేమిటని మీ బావ నవ్వారు. మీ తోట వ్యాను నడిపే రామాంజులు మాత్రం నవ్వలేదు. "ఇయ్యండి మేడం, సంచీ సీటు కింద పెట్టుకోని పోతా" అన్నాడు. గురువారం గురువారం మీ వఫ్రా తోట కీరకాయలు ఇక్కడి దుకాణాలకు తెచ్చే ఆ వ్యానే ఇక మన పోస్టాఫీసు.

జాబ్రియాలో డాక్టరు నీ చేత గొట్టంలోకి ఊదించినప్పుడు పక్కనే ఉన్నాను. నలభై ఒక్కేళ్ళ మనిషికి అరవై ఐదేళ్ళ ఊపిరితిత్తులు అన్నాడు. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబడాలంటే సిగరెట్టు మానాలి, మార్చిలో మళ్ళీ ఊదాలి, అప్పటికి ఆ పరీక్ష కాగితం మీద గీత ఇంకా కిందికి జారితే గ్రీన్‌హౌస్ పని మానెయ్యాలి అన్నాడు. నువ్వు తల ఊపావు. లిఫ్టు దిగి, పార్కింగ్ దాకా కూడా ఆగలేక ఒకటి వెలిగించావు. అప్పుడే వద్దని అనాల్సింది. అననందుకు ఇప్పటిదాకా నిద్రపట్టలేదు.

నిన్న ఒక వస్తువు కొన్నాను, వేప్ అంటారట, ఛార్జింగ్‌తో నడిచే సిగరెట్టు. మా వీధి చివర ఫోన్లు, ఛార్జర్లు అమ్మే దుకాణంలో ఒక గోడంతా ఇవే. అరచేతిలో దాగిపోతుంది. పైన నల్లటి ముక్క ఊడి వస్తుంది, దాన్ని పాడ్ అంటారు. అందులో రెండు మిల్లీలీటర్ల ద్రవం పడుతుంది. పక్కనున్న రబ్బరు మూత ఎత్తి మనమే నింపుకోవచ్చు. బటన్లేవీ లేవు, పీలిస్తే దానంతటదే పనిచేస్తుంది. నిప్పు లేదు, బూడిద లేదు. దుకాణంలో కుర్చీలో కూర్చున్నతను నౌమాన్ అని, కడప మనిషి. "ఎవురికి మేడం, సారుకా?" అన్నాడు. "మా తమ్ముడికి" అన్నాను. "అందురూ తమ్మునికే అంటారు మేడం" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

డాక్టరు ఇది వాడమని చెప్పలేదు. వద్దనీ అనలేదు, నేను అడిగితే కదా. సిగరెట్టు కన్నా నయం కావచ్చని కొందరు, ఇదీ విషమేనని కొందరు. నాలుగు రోజులు చదివాను, చదివిన కొద్దీ తేలింది తక్కువ. కానీ పాకెట్టు సిగరెట్లు కాల్చేవాడివి ఒక్కసారిగా మానలేవని నాకు తెలుసు. ఏదో ఒక మెట్టు కావాలి.

ల్యాబ్‌లో నాకొక నియమం ఉంది. నేను చేసి చూడని ప్రయోగం పిల్లల చేత చేయించను. కాబట్టి దీన్ని ముందు నేను వారం రోజులు వాడి చూస్తాను. నువ్వు తిట్టినా సరే.

అక్క


వఫ్రా,
అక్టోబర్ 22, బుధవారం

అక్కా,

నీ ఉత్తరం తడిసిపోయి అందింది. రామాంజులు దాని మీద మంచినీళ్ళ సీసా పెట్టాడు. చదవడానికి మాత్రం ఇబ్బంది లేదు, నీ అక్షరాలు బ్లాక్ బోర్డు మీద రాసినట్టే ఉంటాయి.

నువ్వు పొగ పీలుస్తావా? నాన్న బతికుంటే ఈ మాటకి రెండు రోజులు భోజనం మానేసేవాడు. ఆయన చుట్టల డబ్బా నేను ముట్టుకున్నానని చెప్పి వీపు విమానం మోత మోగించింది ఎవరో గుర్తుందా? ఇప్పుడు వారం రోజులు ప్రయోగమట. ఆయ్, కానియ్యండి మేష్టారమ్మగారూ. స్కూల్లో తెలిస్తే ఏమవుతుందో కూడా ఆ రికార్డు పుస్తకంలో రాసుకో.

ఇక్కడ కొత్త నారు వేశాం. గ్రీన్‌హౌస్‌లో పొద్దున్న తొమ్మిదింటికే చొక్కా పిండుకోవాలి. మధ్యాహ్నం పని ఆపి బయటికొస్తే నిలబడటానికి నీటి ట్యాంకు నీడ తప్ప ఇంకేం లేదు. అక్కడ నిలబడి ఏం చెయ్యమంటావ్? చుట్టూ ఇసక. మాట్లాడ్డానికి రామాంజులు. వాడు మాట్లాడితే వాళ్ళ రాయచోటిలో గేదెల గురించే. అప్పుడు వెలిగిస్తాను. అదొక్కటే ఈ రోజులో నాది అనిపిస్తుంది.

వేరే అర్థం తియ్యకు. మానాలనే ఉంది. ఊళ్ళో ఉన్న మీ మరదలికి ఆ గీత సంగతి చెప్పలేదు, నువ్వూ చెప్పకు. ఈ పనిపోతే ఇక్కడ ఉండటానికిచ్చిన ఇఖామా కూడా పోతుంది, పిఠాపురం వెళ్ళి ఏం చెయ్యాలో నాకు తెలీదు. పంపు, నీ వస్తువు. చూద్దాం.

ఈశ్వర్


హవల్లీ,
నవంబర్ 6, గురువారం

ఈశూ,

వారం అన్నాను, మూడు వారాలయింది. ఒక వారంలో తేలే విషయం కాదని అర్థమయింది.

మొదటిసారి పీల్చినప్పుడు సింకు పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా దగ్గాను. ఇలాంటిది వాడికెలా ఇస్తానని అనుకున్నాను. రెండో రోజు తెలిసింది, సిగరెట్టులా గుంజకూడదు, నెమ్మదిగా, స్ట్రాతో మజ్జిగ తాగినట్టు లాగాలి. పాడ్ నింపిన వెంటనే పీల్చకూడదు. లోపలి దూది నానడానికి పది నిమిషాలు ఆగాలి, లేకపోతే దూది మాడుతుంది. పొద్దున్న ఛార్జింగ్ పెడితే సాయంత్రం దాకా వస్తుంది. నా హ్యాండ్‌బ్యాగులో అడ్డంగా పడుంటే కింద కొంచెం కారింది, కాబట్టి జేబులో నిలువుగా పెట్టుకో. రోజుకోసారి పాడ్ తీసి అడుగున టిష్యూతో తుడువు. ఎండలో వ్యానులో మాత్రం వదలకు, బ్యాటరీకి మంచిది కాదు.

ద్రవం పుదీనా రుచి తీసుకున్నాను. పళ్ళ రుచులన్నీ పిల్లల దగ్గుమందులా ఉన్నాయి. నికోటిన్ బలం, అంటే మిల్లీలీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో, నౌమాన్‌ని అడిగితే, రోజుకో పాకెట్టు కాల్చేవాళ్ళకు యాభై కావాలి, ఇరవై ఇస్తే మళ్ళీ సిగరెట్టుకే పోతారన్నాడు. అందుకని నేనూ యాభైతోనే చూశాను. నీకిచ్చేది ఒకటి, నేను పరీక్షించేది ఒకటి అయితే అదేం పరీక్ష?

చల్లగా గొంతులోంచి దిగుతుంది. ఆ తరవాత ఒక్క నిమిషం, పదకొండో తరగతి పేపర్లు, మీ బావ బీపీ, నీ గీత, అన్నీ ఉన్నచోటే ఉంటాయి కానీ కొంచెం దూరం జరుగుతాయి. ఇది నీకు అక్కర్లేని వివరం. పరిశీలన కాబట్టి రాశాను.

నేను వాడినదే నీకు పంపుదామనుకున్నాను, చెయ్యి రాలేదు. నోట్లో పెట్టుకున్న వస్తువు. పాడ్ మార్చొచ్చు, వేడినీళ్ళతో కడగొచ్చు, కెమిస్ట్రీ ప్రకారం ఏమీ మిగలదు. అయినా ఎంగిలి ఎంగిలే. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా మీ బావ తాగిన గ్లాసులో నేను తాగను, అమ్మ పెంపకం అలాంటిది. అందుకని నీకోసం కొత్తది కొన్నాను. సంచీలో అది, రెండు సీసాలు, రెండు విడి పాడ్‌లు ఉన్నాయి. గోంగూర పచ్చడి కూడా పెట్టాను, దానికీ దీనికీ మధ్య బట్ట చుట్టాను.

నాది బీరువా సొరుగులో పడేశాను.

అక్క


వఫ్రా,
నవంబర్ 19, బుధవారం

అక్కా,

వస్తువు అందింది. పచ్చడి నిన్నటితో ఖలాస్.

ఎంగిలి అని కొత్తది కొన్నావా! చిన్నప్పుడు జాంకాయ సగం కొరికి, పుచ్చిందని తెలిశాక నాకిచ్చేదానివి. అప్పుడు ఏమైందో ఈ పెంపకం.

నువ్వు చెప్పినట్టే నింపి, పది నిమిషాలు ఆగి, మజ్జిగ తాగినట్టు లాగాను. బాగానే ఉంది. ఇక్కడి కుర్రాళ్ళంతా చుట్టూ చేరి చూశారు. రామాంజులు "ఏంది సార్ ఇది, పెన్‌డ్రైవు తాగుతాండారు?" అన్నాడు. జేబులో నిలువుగానే పెట్టుకుంటున్నాను. పుదీనా పరవాలేదు. సిగరెట్లు ఆరుకి దిగాయి.

నువ్వు దిగులు పడకు. పేపర్లు దిద్దుకో.

ఈశ్వర్


హవల్లీ,
డిసెంబర్ 11, గురువారం

ఈశూ,

ఆరు! నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వంటింట్లో నిలబడి గట్టిగా నవ్వితే మీ బావ వచ్చి చూశారు.

అయితే ఒక జాగ్రత్త. ఈపాటికి నీ మొదటి పాడ్‌లో దూది పాతబడి ఉంటుంది. పద్దెనిమిది, ఇరవై రోజులకు రుచి మారుతుంది, పాకం ముదిరి అడుగంటిన వాసన వస్తుంది. అది రాగానే మార్చెయ్యి, ఇంకో రోజు చూద్దామని లాగించకు, గొంతు గీరుకుపోతుంది. రెండో పాడ్ అంతకాలం రాదు. మూడోదైతే మరీ తొందరగా పోతుంది. బహుశా మనం పీల్చడం ఎక్కువవుతుందేమో. నిజానికి ఒకసారి నింపిన రెండు మిల్లీలీటర్లు రెండు రోజులు రావాలి. ఒక్క రోజులో అయిపోతుంటే నీ మీద నువ్వే ఒక కన్ను వేసి ఉంచుకో. సిగరెట్టయితే కాలిపోయి ఆరిపోతుంది, ఒకటి అయిందని తెలుస్తుంది. దీనికి అంతు లేదు. ఎక్కడ ఆపాలో ఆ వస్తువు చెప్పదు. ఇది నేను మొదటి ఉత్తరంలోనే రాయాల్సిన సంగతి.

బావ నిన్న, "ఈ మధ్య రోజూ పుదీనా పచ్చడి చేస్తున్నావా, వాసనొస్తుంది, విస్తట్లోకి మాత్రం రావట్లేదు" అన్నారు. చూయింగ్ గమ్ అన్నాను. ఎందుకలా అన్నానో.

స్కూల్లో చలి మొదలైంది. ఎసెంబ్లీలో పిల్లలు నోట్లోంచి ఆవిరి ఊది ఆడుకుంటున్నారు.

అక్క


వఫ్రా,
డిసెంబర్ 31, బుధవారం

అక్కా,

ఒక్క ముక్క రాస్తాను, పని ఉంది. పదకొండు రోజులైంది, సిగరెట్టు ముట్టలేదు. నీ వస్తువుతోనే నడుస్తోంది. పాడ్ కూడా మార్చాను, నువ్వన్నట్టే పాకం మాడిన వాసన వచ్చింది. దగ్గు కూడా తగ్గింది.

కొత్త సంవత్సరం బావగారికి చెప్పు.

ఈశ్వర్


హవల్లీ,
జనవరి 22, గురువారం

ఈశూ,

ఇది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సోమవారం మూడో పీరియడ్‌లో ప్రిన్సిపాల్ పిలిపించారు. గదిలో పన్నెండో తరగతి షబ్నమ్, వాళ్ళమ్మ షరీఫా బీ ఉన్నారు. మా వీధిలోనే టైలరింగ్ దుకాణం వాళ్ళది. షబ్నమ్ నా ల్యాబ్‌లో ఎప్పుడూ బీకరు పగలగొట్టని పిల్ల. టేబుల్ మీద తెల్ల కాగితం, దాని మీద అలాంటి వస్తువే ఒకటి. బాత్‌రూమ్‌లో ఆయా పట్టుకుందట. రంగు ఒకటే తేడా, మిగతాదంతా నా బ్యాగులో ఉన్నదే.

అవును, నా బ్యాగులో. బీరువా సొరుగులో పడేశానన్నది అబద్ధం. పడేసిన మూడో రోజు తీశాను. పేపర్లు దిద్దేటప్పుడు మాత్రమే అనుకున్నాను. తరవాత స్కూలు నుంచి రాగానే. తరవాత స్కూలుకి వెళ్ళేముందు. ఇప్పుడు ఇంటర్వెల్లో స్టాఫ్ బాత్‌రూమ్‌లో కిటికీ తెరిచి. నలభై ఆరేళ్ళ దాకా సిగరెట్టు వాసన వస్తే పైట ముక్కుకి అడ్డం పెట్టుకున్న మనిషిని.

"మేడం, మీరు కెమిస్ట్రీ కదా, ఇదేంటో కాస్త చూసి చెప్పండి. రిపోర్టులో రాయాలి" అన్నారు ప్రిన్సిపాల్.

చేతిలోకి తీసుకున్నాను. పాడ్ ఊడదీసి వెలుతురుకి పెట్టాను. "పక్కనుంచి నింపేది. నికోటిన్ ఉంటుంది. దూది చుట్టిన కాయిల్ నల్లబడింది, మూడు వారాలై ఉంటుంది, మార్చాలి" అన్నాను.

మార్చాలి! ఆ మాట ఎందుకొచ్చిందో. ప్రిన్సిపాల్‌కి ఎక్కలేదు, రాసుకుంటున్నారు. షరీఫా బీకి ఎక్కలేదు, "మా పాప అట్టాంటిది కాదు సార్, ఎవురో ఇచ్చింటారు" అని కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. షబ్నమ్ మాత్రం తలెత్తి నన్ను చూసింది. అంతదాకా నేల చూస్తున్న పిల్ల.

రెండు వారాలు బడికి రాకూడదని రాశారు. సాక్షి సంతకం నాది. పెట్టాను ఈశూ. పెన్ను కోసం బ్యాగులో చెయ్యి పెడితే ముందు అదే తగిలింది.

కారిడార్‌లో వాళ్ళమ్మ ముందు నడుస్తోంది. ఆ పిల్ల నా పక్కకొచ్చి మెల్లిగా, "మీది కూడా పుదీనానే కదా మేడం? ల్యాబ్‌లో దగ్గరికొస్తే తెలుస్తాది. నేనెవురికీ చెప్పను" అంది. పదిహేడేళ్ళ పిల్ల నన్ను క్షమించి వెళ్ళింది. ఆ పిల్లని ఆపి ఏదో ఒకటి చెప్పాలి కదా. మానెయ్యమ్మా అనాలి, లేదా నేనూ అని ఒప్పుకోవాలి. గంట కొట్టారు, క్లాసుకి వెళ్ళాను. ఆ రోజు పాఠం ఏం చెప్పానో గుర్తులేదు.

మూడు రోజులు ఒకే ఆలోచనతో నిలబడ్డాను: పోనీ, నా గతి ఏమైనా వాడు మానేశాడు, నెల రోజులు దాటింది, దగ్గు తగ్గింది. ఇవాళ సాయంత్రం రామాంజులు వచ్చినప్పుడు ఆ ఒక్క మాట ఇంకొకరి నోట కూడా విందామని, "మీ సారు సిగరెట్లు మానేశారటగా?" అన్నాను. అతను పాపం తడబడ్డాడు. "యాడ మాన్నాడు మేడం? నిన్న గూడా ట్యాంకు కాడ కాలుస్తాండ్య. మీరిచ్చిన లైటరు మాదిరిది నారు షెడ్డులో కిటికీలో పెట్టినాడు. బో దుమ్ము పట్టింది" అన్నాడు. నా ముఖం చూసి, "చెప్పకూడదేమో మేడం, మీకు తెలుసనుకొంటి" అని వ్యాను ఎక్కబోయాడు. ఉత్తరం ఇస్తాను, పది నిమిషాలు ఆగమని చెప్పి పైకొచ్చి ఇది ముగిస్తున్నాను. కింద హారన్ కొడుతున్నాడు.

నీ మీద కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాను, రావడం లేదు. కోపం రావాలంటే అవతలి మనిషి కన్నా కాస్త ఎత్తున నిలబడాలి.

పాకం మాడిన వాసన వచ్చిందని ఎలా రాశావురా?

అక్క


వఫ్రా,
జనవరి 28, బుధవారం

అక్కా,

నీ ఉత్తరాల్లోంచే రాశాను. నువ్వు పది నిమిషాలన్నావు, పది నిమిషాలని రాశాను. నువ్వు పాకం అన్నావు, పాకమని రాశాను. చదువుకునే రోజుల్లో నీ రికార్డు చూసి నా రికార్డు దింపినట్టే.

రెండు రోజులు పీల్చిన మాట నిజం. బాగానే ఉంది కూడా. మూడో రోజు గాలి వెళ్ళే కన్నంలో దుమ్ము కూరుకుపోయింది. గుండుసూదితో తీస్తే పోయేది, నువ్వు రాసినవన్నీ చేస్తే పనిచేసేది. తియ్యలేదు. సిగరెట్టు పాకెట్టు జేబులోనే ఉంది, చెయ్యి అటే వెళ్ళింది. దీనికి ఇంతకన్నా కారణం లేదక్కా, ఉంటే చెప్పేవాణ్ణి. తరవాత నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను, అందులో నువ్వు ఎంత ఆశగా రాశావో చూసి ఆరు అని రాశాను. ఆరు అన్నాక మళ్ళీ ఇరవై అనడం కష్టం. సున్నా అనడం తేలిక.

ఇంకో సంగతి. నీ సంగతి నాకు డిసెంబర్‌లోనే తెలుసు. మూడో పాడ్ తొందరగా పోతుందని రాశావు. సొరుగులో పడేసిన మనిషికి మూడో పాడ్ ఎలా తెలుస్తుంది? ఆ లైను ట్యాంకు నీడలో నిలబడి రెండుసార్లు చదివాను. ఆ రోజే ఫోన్ చేసి అడగాలి. అడిగితే నువ్వు నన్నడుగుతావు. నాది బయటపడుతుందని నీది బయటపెట్టలేదు. నెలన్నర నువ్వు అందులో కూరుకుపోతుంటే ఇక్కడ కూర్చుని పదకొండు రోజులని అబద్ధాలు రాశాను. ఇది మాత్రం దగ్గు కన్నా ఎక్కువ బాధపెడుతోంది.

ఆ పిల్ల సంగతి నాకేం చెప్పాలో తెలీదు. నా కోసం మొదలుపెట్టావు కాబట్టి ఆ సంతకంలో సగం నాది.

ఒక పని చెయ్యి. నాది ఇంక పనికిరాదు, నిన్న తీసి చూస్తే లోపల గట్టిపడిపోయింది. కొత్తది కొనకు. నీ దగ్గరున్నదే పంపు. ఎంగిలైనా పరవాలేదు, జాంకాయలు తిన్న నోరే. అది అక్కడ ఉండకూడదు, ఇక్కడ ఉండాలి. నీ నోట్లోంచి తీసినదని తెలిస్తే నేను దుమ్ము పట్టనివ్వను. ఈసారి అబద్ధం రాయను. మార్చికి ఇంకా నెల ఉంది.

పంపుతావు కదూ?

ఈశ్వర్


హవల్లీ,
ఫిబ్రవరి 5, గురువారం

ఈశూ,

పంపుతున్నాను.

ఇవాళ స్కూలు నుంచి రాగానే పాడ్ తీసి కడిగాను, ఆరబెట్టాను, అడుగు తుడిచాను. సగం ఉన్న సీసా మూత బిగించాను. టిష్యూ నాలుగు మడతలు వేసి అందులో చుట్టాను. నిన్న సాయంత్రం నుంచి ముట్టలేదు. చేతులు ఏదో వెతుక్కుంటున్నాయి. చీపురు తీసుకుని ఊడ్చిన గదే మళ్ళీ ఊడ్చాను. మీ బావ మీద రెండుసార్లు అరిచాను, ఆయన పాపం టీవీ కట్టేశారు. ఆయనకి ఇవాళ చెబుతానేమో.

షబ్నమ్ తిరిగి వచ్చింది. ల్యాబ్‌లో చివరి బెంచీ దగ్గర నిలబడింది. నేను పక్కకి వెళ్ళినప్పుడు ముఖం పక్కకి తిప్పుకుంది. నా దగ్గర వాసన తెలియనట్టు ఉండటానికి, నా కోసమే తిప్పుకుంది, అది తెలుస్తూనే ఉంది. అందుకే ఇది ఈ ఇంట్లో ఇంకొక్క రోజు ఉండకూడదు.

సంచీలో పైన నిమ్మకాయ ఊరగాయ, దాని కింద నీ స్వెట్టరు, స్వెట్టరు మడతలో పొట్లం. కన్నంలో దుమ్ము పడితే గుండుసూది వాడు. ఒకటి కూడా పెట్టాను.

రామాంజులు వచ్చాడు. "యల్లా మేడం, టైమైతాంది" అంటున్నాడు. దిగుతున్నాను.

అక్క


వఫ్రా,
ఫిబ్రవరి 5, గురువారం

అక్కా,

సంచీ అందింది. ఊరగాయ ఉంది, స్వెట్టరు ఉంది, సీసా ఉంది, కాగితానికి గుచ్చిన గుండుసూది కూడా ఉంది. మడతలో పొట్లం ఉంది. నాలుగు మడతల టిష్యూ, మధ్యలో దాని ఆకారంలో గుంట. అది లేదు.

రామాంజులు భయపడిపోయాడు. "నేను తీయల్యా సార్, దేవునితోడు. మేడం కిందికి వచ్చినాక మల్లా ఏందో మర్చిపోతినని సంచీతో పైకి పొయ్యొచ్చినాది" అన్నాడు. నువ్వు తియ్యలేదులేరా అన్నాను.

టిష్యూ వాసన చూశాను. పుదీనా. తరవాత బయటికెళ్ళి ట్యాంకు దగ్గర సిగరెట్టు కాల్చాను. అబద్ధం రాయనన్నాను కదా.

నీ మీద కోపం తెచ్చుకుందామని నేనూ చూశాను. నాకూ రాలేదు.

ఈ ఉత్తరం సంచీలో పంపను. వచ్చే గురువారం కీరకాయలతో పాటు నేనే వ్యానులో వస్తున్నాను. ఇది నీ చేతికిచ్చి, చదివేదాకా మెట్ల దగ్గర నిలబడతాను. చదివాక పైకి పిలువు. నీది నువ్వు తీసుకురా, నాది, సిగరెట్టు పాకెట్టు, నా జేబులో ఉంటుంది. ఇద్దరం వాటిని ఎదురుగా పెట్టుకుని కూర్చుందాం. ఏం చెయ్యాలో నాకు తెలీదు, నీకూ తెలీదు. బావగారిని కూడా కూర్చోమందాం, ఆయనకైనా తెలుసేమో.

దగ్గు వస్తుంది. లెక్కపెట్టుకో. ఈసారి ఏమీ అనను.

ఈశ్వర్